ఒక్క రోగితో మార్కెట్టవుతుందా?

"ఫంగస్ మందుల మార్కెట్లో మనం ప్రపంచంలోనే నంబర్ వన్ అయి తీరుతాం! ఆపడం ఎవడి తరమూ కాదు!" అని ఆరోగ్య మంత్రిగారు బల్ల గుద్ది ప్రకటించారు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు మైకు. మైకంటే మనిషే. పార్టీ మీటింగుల్లో నినాదాలు పలికించే గొంతు, లారీలకి లారీలు జనాన్ని దించే సత్తా ఉన్నవాడు కాబట్టి, అసలు పేరు కన్నతల్లే మర్చిపోయింది. ఆ ఫంగస్ అంటే ఏమిటో సభలో తెలిసినవాడు కూడా వాడొక్కడే. వాళ్ల బావకుంది.

బావది తాళాల రిపేరు. ఎంత మొండి బీరువా అయినా ఆయన చెయ్యి పడితే కిక్కురుమనకుండా తెరుచుకునేది. షుగరు ముదిరి సొంత ముక్కు మూసుకుపోయింది. అది మాత్రం తెరుచుకోలేదు. ఫంగస్ ముక్కులోంచి బుగ్గలోకి పాకింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, కుళ్లినంత మేరా తీసేసి, "ఇక రోజూ ఇంజెక్షన్ పడాలి. ఆలస్యమైతే కంటికెక్కుతుంది, అక్కణ్ణుంచి మెదడుకి" అంది.

"అయితే వెయ్యండమ్మా" అంది అక్క.

"మందు లేదు."

"బయట కొనుక్కొస్తాం."

"బయటా లేదు. ఇక్కడ మార్కెట్ లేదని కంపెనీలు పంపడం మానేశాయి."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, పెళ్లి కూడా మానుకుని ఆ మంత్రిగారి జెండా మోశావు కదరా. మీ బావకి ఒక్క మందు సీసా అడిగే మొహం లేదా నీకు?"

మొహం ఉంది. మైకు వెళ్లాడు.

మంత్రిగారి గదిలో ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు మార్కెట్ రిపోర్టు చదువుతున్నారు. మైకు చేతులు కట్టుకుని, "అన్నా, మా బావకి ఆ ఫంగస్ జబ్బు..." అన్నాడో లేదో, మంత్రిగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"డైరెక్టరుగారూ! డిమాండ్ వచ్చేసిందయ్యా!"

"ఎంత సార్?"

"ఒకటి."

డైరెక్టరుగారి మొహం వాడిపోయింది. "ఒక్క రోగితో మార్కెట్టవుతుందా సార్? ఒక్కడుంటే జాలి. వందమందుంటే వార్త. వెయ్యిమందుంటేనే మార్కెట్. ఎల్లుండి కంపెనీవాళ్లొచ్చి వార్డు చూస్తారు. ఏం చూపించాలి?"

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించడం అరుదు, అందుకే అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఏరా మైకూ, మొన్నటి బహిరంగ సభకి ఎంతమందిని తెచ్చావు?"

"ఐదువేలన్నా."

"అందులో వెయ్యిమందికి జబ్బు చేయించలేవట్రా?"

అదీ దూరదృష్టి. ఇంకొకడైతే మందు గురించి ఆలోచించేవాడు.

"మొదటి సూది మీ బావకే. నాదీ పూచీ" అన్నారు మంత్రిగారు. మైకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూడో రోజు తెల్లవారేసరికి ఆసుపత్రి గేటు ముందు లారీలు ఆగాయి. తలా ఒక కన్నుకి కట్టు కట్టాలి. బ్యాండేజీలు చాల్లేదు. పార్టీ కండువాలు చింపి కట్టారు.

"అన్నా, రెండు కళ్లూ కట్టుకుంటే డబుల్ కూలీ ఇస్తారా?"

"రెండూ కట్టుకుంటే మంచం ఎక్కడుందో ఎలా తెలుస్తుందిరా? ఒకటి చాలు."

ఒక ముసలామె మైకు చొక్కా పట్టుకుంది. "పోయినసారి రైతునన్నారు. అంతకుముందు వరద బాధితురాలినన్నారు. ఇవాళ నేనెవర్ని నాయనా?"

"ఇవాళ నీకు బూజు పట్టిందవ్వా."

"అదెప్పుడో పట్టింది. అది కాదు, అన్నం పొట్లం ఎన్నింటికి?"

"కంపెనీవాళ్లు వెళ్లాక."

మంచానికి ముగ్గురు చొప్పున సర్దినా చోటు చాల్లేదు. మైకు మూల మంచం దగ్గరికి పిల్లిలా వెళ్లాడు. "అక్కా, ఒక్క గంట బావని వరండాలో పడుకోబెడితే..."

"ఆయన్ని కదిలించావంటే నీ పీక పిసుకుతా" అంది అక్క. బావ కదలలేదు.

ఇంతలో మంత్రిగారు రిహార్సల్ చూడ్డానికొచ్చారు. ఆయన్ని చూడగానే రోగులంతా అలవాటుకొద్దీ మంచాల మీద లేచి నిలబడి "జిందాబాద్!" అన్నారు.

"ఛీ! రోగులు నినాదాలివ్వకూడదు! మూలగాలి!" అని మైకు అరిచాడు. ఎలా మూలగాలో వాళ్లకి తెలియలేదు. మైకే పిడికిలెత్తి అందుకున్నాడు.

"అమ్మా...!"

"అబ్బా!" అంది వార్డంతా.

"గట్టిగా... అమ్మా...!"

"అబ్బా!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. దేశంలో ఏ ఆసుపత్రీ ఇంత క్రమశిక్షణతో మూలిగి ఉండదు.

కంపెనీవాళ్లు కోట్లు వేసుకుని ముగ్గురొచ్చారు. ముందున్న టై ఆయన వార్డంతా కలయజూసి తలూపాడు. "ఎక్సలెంట్."

"ఇంతకన్నా డిమాండ్ ఎక్కడైనా ఉందా సార్?" అన్నారు మంత్రిగారు.

"ఎక్సలెంట్."

"మరి మందు ఎప్పుడు పంపుతారు?"

"ఎక్సలెంట్" అని టై ఆయన షేక్‌హ్యాండిచ్చి వెళ్లిపోయాడు. మంత్రిగారు ఆ చేతిని విలేకరులకి చూపించడానికి బయటికెళ్లారు.

మైకు ఆగలేకపోయాడు. కాళ్లావేళ్లా పడైనా సరే, ఒక్క సీసా ముందుగా రాబట్టాలని కంపెనీవాళ్ల వెంట పరిగెత్తాడు. గేటు దగ్గర లేరు. కార్ల దగ్గర లేరు. వంటశాల వెనక కనిపించారు, పొట్లాల క్యూలో.

"సార్! మా బావకి మందు..."

టై ఆయన బిక్కమొహం వేశాడు. "ఏం మందన్నా? అసలు కంపెనీవాళ్లు రామన్నారంట. డైరెక్టరుగారు మాకు ఈ కోట్లు తొడిగించి తలూపమన్నారు. ఆ ఒక్క మాట నేర్పారు. నాకు బాగా వచ్చింది కదా?"

మైకు వాడి టై పట్టుకున్నాడు. "ఏ లారీలో వచ్చార్రా మీరు?"

"అదేంటన్నా, నీ లారీలోనే."

ఈ ఘోరం చెబుదామని మైకు రొప్పుతూ వార్డుకి పరిగెత్తాడు. అప్పటికే మంత్రిగారు విలేకరులని లోపలికి తెచ్చేశారు. వార్డు ఖాళీ. పొట్లాల పిలుపు వినగానే వెయ్యిమంది రోగులూ కట్లు విప్పి ఒక్క ఉదుటున కోలుకున్నారు. మంచాల మీద కండువా ముక్కలు పడున్నాయి.

డైరెక్టరుగారికి చెమటలు. "అందరూ... టెస్టులకెళ్లారు."

మూల మంచం మీంచి సన్నగా మూలుగు వినిపించింది. విలేకరులంతా అటు మళ్లారు. సగం మొహం నల్లబడి, కన్ను వాచి మూసుకుపోయిన మనిషి. పక్కన భార్య. కెమెరాలు టపటపా కొట్టుకున్నాయి. ఫొటోలు తీసుకుని, బరువుగా తలలు దించుకుని విలేకరులు వెళ్లిపోయారు.

మంత్రిగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "పరువు నిలబెట్టాడ్రా! తిండికని అందరూ పారిపోయినా పాత్ర వదల్లేదు చూడు. ఎవడ్రా ఇతను?"

"అన్నా, ఈయన మా బావ."

"అలా చెప్పు! కళ మీ ఇంట్లోనే ఉంది."

"అది కాదన్నా, ఈయనకి నిజంగానే..."

"నేననేదీ అదేరా. నిజంగానే ఉన్నట్టుంది! డైరెక్టరుగారూ, ఇతనికి రెండు పొట్లాలివ్వండి. మైకూ, వచ్చే మీటింగ్‌కి ఎవర్ని తెచ్చినా తేకపోయినా ఇతన్ని మాత్రం తప్పకుండా తీసుకురా."

మైకు చేతులు అలవాటుకొద్దీ చప్పట్లకి లేచి ఆగిపోయాయి.

అక్క రెండు పొట్లాలూ అందుకుంది. మంచం పక్కన పెట్టింది. మంత్రిగారి మొహంలోకి సూటిగా చూసింది.

"మీటింగ్ ఎప్పుడండీ?"

"ఇంకా అనుకోలేదమ్మా."

"తొందరగా పెట్టుకోండి" అంది అక్క.