తరంగనాళ సంరక్షణ ఘట్టము

ప్రొద్దు పొడిచియు పొడువనట్లుండి, మబ్బులు తడిసిన గోనెసంచులవలె గుట్టమీద కూర్చుండి, చినుకొక్కటియు రాల్పక లోకమును ఉక్కపోతలో నుడికించుచున్న ఆ యుదయమున, గుట్టమీది రిలే కేంద్రమునందు, బీరువాను బోలు యంత్రగర్భమున, మూరెడు శూన్యనాళమొకటి కొలువుదీరియుండెను. చీమ గుసగుసంతటి మైక్రోవేవ్ సంకేతమును తన కడుపులోని ఎలక్ట్రాన్ ధారచే సింహనాదము గావించి ఆకాశమునకంపు ఆ ట్రావెలింగ్ వేవ్ ట్యూబు, కేంద్రమునకు మిగిలిన కడపటి ట్యూబు. అది మాడినచో కేంద్రము మూతపడును. అందు కొలువుచేయు బావయు బావమరిదియు ఇంటిదారి పట్టుదురు.

అట్టి ట్యూబు, అన్నాలవేళకు కొంచెము ముందు, ఒళ్ళు కాలిపోవుచున్నదని ఎర్రదీపము వెలిగించి మూగవోయెను.

అంతట బావ, స్క్రూడ్రైవర్‌పాణి, సోల్డర్‌ధూమధూసరితశ్మశ్రుడు, దిగ్గున లేచి, "ఓయి శూన్యగర్భా! పిడుగులకు వెరవని నీవు ఉక్కపోతకు మూర్ఛిల్లుదువా? శత్రువెవ్వడో చెప్పుము, వాని మరలన్నియు ఊడదీసెదను!" అని గర్జించెను.

"అదేం చెప్తుంది గానీ, మళ్ళీ బటన్ నొక్కు బావా. వస్తే వస్తుంది."

"వేడిమీద నొక్కితే పోతుందిరా. పోతే మీ అక్కకు నువ్వు చెప్తావా?"

"నేనా? అమ్మో! నొక్కకులే."

బావ వోల్టేజీ కొలిచెను, నిర్దోషి. ఫ్యానుకు చెవియొగ్గెను, తిరుగుచునేయుండెను. పిదప, వేడిగాలి బుస్సున వెడలవలసిన బీరువా నెత్తిమీది చిల్లుల ఇనుపజాలివైపు అరచేయి చాచెను. గాలి లేదు. స్టూలెక్కి చూచెను. జాలినంతను ఆక్రమించి, నాలుగంతస్తుల మహాదుర్గమువోలె, స్టీలు క్యారియరు!

"రోజూ అక్కడ పెట్టేదేగా బావా, అన్నం వేడిగా ఉంటుందని," నసిగెను బావమరిది.

"రోజూ పెట్టేది చిన్న డబ్బారా!"

"దాని మూత కనబడలేదని అక్క ఇవాళ ఇదిచ్చింది."

"జాలి కూడా ఒక పెద్దది ఇమ్మనకపోయావా మీ అక్కని!"

ఇట్లు పలికి, కాలుచున్న పిడిని చొక్కా అంచుతో చుట్టి, "తొలగుము, ఓదనదుర్గమా! ఈ శిఖరము నీది గాదు!" అని బావ దానిని పెకలించి, కొండను దించినట్లు నేలకు దించెను. జాలినుండి వడగాలి భుగ్గున వెడలెను.

"ఈలోగా తినేద్దామా?"

"ముందు ట్యూబు చల్లారాలి."

"అన్నం చల్లారిపోతుంది బావా."

"చల్లారనీ."

వారు నిరీక్షించిరి. బావమరిది పొట్ట రెండుమార్లు రణభేరి మ్రోగించెను, బావ వినలేదు. తుదకు జాలిగాలి గోరువెచ్చనై రాగా, బావ బటన్ నొక్కెను. వెలిగెను పచ్చదీపము!

అన్నపు క్యారియరొకటి బీరువామీదినుండి నేలమీదికి నిర్విఘ్నముగా దింపబడెనని దశదిశలును వినుగాక!

పిమ్మట విజేతలిరువురు కిందనే చతికిలబడి, చల్లారి గడ్డకట్టిన అన్నమును కడపటి మెతుకువరకు తినిరి.