ఇరవై నిమిషాల పంపు

ఆ రోజు ఉదయం మాస్టారు వేసుకున్న లెక్క చాలా సాదాగా ఉంది. తొమ్మిదికి కర్నల్ మేడమ్ తరగతికి వస్తారు. తొమ్మిదీ అయిదుకు బల్ల మీది నీళ్ళ పంపు నడవడం మొదలవుతుంది. తొమ్మిదీ ఇరవై అయిదుకు దాని సీలు, అంటే నీళ్ళు కారకుండా లోపల బిగించే రబ్బరు చుట్టు, పోయి నీళ్ళు కారతాయి. ఇరవై నలుగురు సైనికులూ అది ఎందుకు పోయిందో, మళ్ళీ ఎంతసేపట్లో లేస్తుందో గడగడా చెబుతారు. పదింటికి కర్నల్ తల ఊపి వెళ్ళిపోతారు. సాయంత్రానికి కోర్సు కొనసాగించవచ్చని కాగితం వస్తుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పంపుల విడిభాగాల కొట్టు నడిపిన మనిషి ఆయన. ఏ పంపు ఎన్నాళ్ళకి మూలపడుతుందో దాని చప్పుడు విని చెప్పేవాడు. సైన్యంలో సరుకులూ విడిభాగాలూ చూసుకునే వాళ్ళకి యంత్రాల విశ్వసనీయత, నిర్వహణ అని కొత్త కోర్సు పెట్టినప్పుడు, పుస్తకాలు చదివినవాళ్ళు ఎందరున్నా చేతికి గ్రీజు అంటినవాడు ఒకడు కావాలని ఏడాదికి ఆయన్ని తీసుకున్నారు. ఆ కోర్సంతా ఆయన రెండు ముక్కల్లో తేల్చేసేవాడు: యంత్రం ఎన్నాళ్ళకి పడుతుంది, పడ్డాక ఎంతసేపటికి లేస్తుంది. ఈ రెండూ తెలిస్తే ఏ సామాను ఎన్ని దగ్గర పెట్టుకోవాలో దానంతటదే తెలుస్తుంది. మిగతాదంతా పుస్తకానికి అట్ట.

కర్నల్ తల అడ్డంగా ఊపితే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఈ ఉద్యోగం రాగానే ఆయన కొట్టు తాళాలు బావమరిది చేతిలో పెట్టి, ఇక ఈ గడప తొక్కనని పదిమంది ముందు అనేశాడు. కోర్సు మూసేస్తే ఆ గడపే తొక్కాలి. తను కూర్చున్న కుర్చీలో బావమరిది కూర్చుంటాడు, తను ఎదురుగా స్టూలు మీద కూర్చుని వాడి సలహాలు వినాలి. అది తలుచుకుంటేనే ఆయనకి నడుం నొప్పి వచ్చేది.

"ఏమండీ, కుళాయిలో నీళ్ళు రావట్లేదు," అంది భార్య స్నానాల గది తలుపు దగ్గర నిలబడి.

వాళ్ళుండేది శిక్షణ కేంద్రం క్వార్టర్లలో. ఏడాదిగా ఒక్కనాడూ నీళ్ళు ఆగలేదు. సగం బకెట్టులో స్నానం ఎలా ముగించాలో మాస్టారు లెక్క కట్టి, రెండు చెంబులు మిగిల్చి మరీ బయటపడ్డాడు.

దారిలో క్యాంటీను ముందు జనం ఉత్త గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. టీ లేదట, నీళ్ళు లేవట. అగ్నిమాపక బండి పక్కన అయిదుగురు మనుషులు ఇసుక బకెట్లు వరసగా పేర్చుకుని, ఎవరింట్లోనో పోయినట్టు కూర్చున్నారు. బట్టలుతికే షెడ్డుకి తాళం వేసి ఉంది. ఏమిటని అడిగితే, తెల్లవారేసరికి పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, ఫలానా రకం పంపులు ఎక్కడున్నవి అక్కడ ఆపేయమన్నారనీ చెప్పారు. ఈ కేంద్రంలోనే కాదు, సైన్యంలో ఆ రకం పంపులు మూడు వందల నలభై ఉంటే మూడు వందల నలభయ్యీ.

మాస్టారు అక్కడే నిలబడి, ఆ ఉత్తర్వుకి కారణమైనవాడెవడో గానీ వాడికి పంపు అంటే ఏమిటో తెలియదని తేల్చేశాడు. ఆ రకం పంపులు తన చేతుల మీదుగా వందలు పోయాయనీ, రాయి లాంటివనీ, వాటిని ఆపించినవాణ్ణి తన తరగతిలో వారం రోజులు నిలబెట్టాలనీ అగ్నిమాపక మనుషులకి పావుగంట చెప్పాడు. వాళ్ళు భక్తిగా విన్నారు. వాళ్ళకి వేరే పని లేదు.

తరగతికి వెళ్ళేముందు స్టోరు దగ్గర ఆగాడు. స్టోర్ కీపరు ఆయన్ని చూడగానే లేచి నిలబడి, మాట్లాడకుండా ఉత్తర్వు కాగితం తిప్పి చూపించాడు. దాంట్లో ఇలా ఉంది: ఒకే అరగంటలో ఇరవై నాలుగు వైఫల్యాలు. ప్రతి ఒక్కటీ సరిగ్గా ఇరవై నిమిషాలు నడిచాక. కారణం, సీలు. స్థలం, శిక్షణ కేంద్రం, మూడో నంబరు గది.

మూడో నంబరు గది మాస్టారిదే.

ఆయన కౌంటరు పట్టుకున్నాడు. నిన్న మధ్యాహ్నం కర్నల్ రాకకి ముందు ఒకసారి సరిచూసుకుందామని ఆ పంపుకి అరిగిన సీలు వేసి నడిపించాడు. ఇరవయ్యో నిమిషానికి నీళ్ళు కారాయి. ఒక్క నిమిషం అటూ ఇటూ కానందుకు తనలో తనే మురిసిపోయాడు కూడా. ఆ తర్వాత ఇరవై నలుగురికీ వైఫల్య రిపోర్టు ఫారాలు పంచి, ఎవరిది వాళ్ళే రాయాలనీ, నిజంగా జరిగినట్టే రాసి రూలు ప్రకారం ఏం చెయ్యాలో అది చెయ్యమనీ చెప్పి ఇంటికి వెళ్ళాడు. ఆయన ఉద్దేశం రాసి బల్ల మీద పెట్టమని. కానీ గంటలోగా స్టోరుకి అందించాలని రూల్లో ఉంది. తరగతి పెద్ద అయిన సార్జెంటుని అందరూ రూళ్ళకర్ర అని పిలిచేది ఊరికే కాదు. అతను ఇరవై నాలుగు కాగితాలూ అంచులు కలిపి, నలభై నిమిషాల్లో అందించాడు. స్టోరులో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. పంపు ఒక్కటే చెడిందని కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. రిపోర్టుకొక వైఫల్యం చొప్పున అది లెక్క వేసుకుంది.

"ఇప్పుడు దీన్ని రద్దు చెయ్యడం ఎలా?" అన్నాడు మాస్టారు.

"రద్దు చెయ్యడం ఉండదు మాస్టారూ. ఎన్ని చెడ్డాయో అన్నీ బాగైనట్టు రిపోర్టులు రావాలి. ఏ పంపుకి వస్తే ఆ పంపు మీద ఉత్తర్వు తనే లేస్తుంది," అన్నాడు స్టోర్ కీపరు.

ఎనిమిదిన్నర అయింది. తరగతికి పరుగెత్తి, కొత్త సీలు వేసి పంపు బాగుచేశాడు. అదొక పన్నెండు నిమిషాల పని. సార్జెంటుని పిలిచి, నిన్నటి ఇరవై నాలుగు రిపోర్టులకీ బాగైందని రాయించి పంపమన్నాడు.

"వాడిన సామాను అన్న చోట ఏం రాయాలి సార్?"

"సీలు ఒకటి అని రాయండయ్యా, ఏముంది అందులో."

ఇరవై నలుగురూ సీలు ఒకటి అని రాశారు. స్టోరులో ఉన్న సీళ్ళు పద్దెనిమిది. ఇరవై నాలుగు వాడేసినట్టు కాగితం చెబుతోంది. కంప్యూటరు లెక్కలో నిలవ సున్నా కంటే ఆరు కిందికి దిగింది. లేని సీళ్ళు ఆరింటిని ఈ తరగతి వాడేసిందన్నమాట. అలా దిగినప్పుడు ఏడాదికి సరిపడా సరుకు తెప్పించాలని దానికి నేర్పి పెట్టారు. సీలు ఆయుష్షు ఇరవై నిమిషాలు. గంటకి మూడు. ఒక్కో పంపుకి ఏడాదికి ఇరవై ఆరు వేల రెండు వందల ఎనభై. పంపులు మూడు వందల నలభై.

అయిదు నిమిషాల్లో మాస్టారి ఫోను మోగింది. బావమరిది.

"బావా, నువ్వక్కడ ఏం చేస్తున్నావో నాకు తెలీదు గానీ, సైన్యం నుంచి మన కొట్టుకి ఆర్డరు వచ్చింది," అన్నాడు అతను. "ఎనభై తొమ్మిది లక్షల ముప్ఫై అయిదు వేల రెండు వందల సీళ్ళు. ప్రపంచంలో అన్ని లేవు బావా. ఏదన్నా యుద్ధం వస్తోందా? అక్కని ఇక్కడికి పంపించెయ్."

మాస్టారు ఫోను పెట్టేశాడు. ఆ సీళ్ళు సైన్యానికి మొదటి నుంచీ అమ్మేది తన పాత కొట్టే. దానికే అంత ఆర్డరు వెళ్ళిందంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో లెక్క కట్టడానికి వేళ్ళు కూడా అక్కర్లేదు. నెమ్మదిగా గోడకి ఆనుకున్నాడు.

అంతలో బయట బండ్ల చప్పుడు వినిపించింది. ఆపమన్న మూడు వందల నలభై పంపుల్లో బాగైనట్టు కాగితం ఉన్నది ఒక్క మూడో నంబరు గది పంపుకే. సైన్యం మొత్తానికి అధికారికంగా నడపదగిన పంపు అదొక్కటే అయి కూర్చుంది. ముందు అగ్నిమాపక బండి వచ్చింది, వెనకే క్యాంటీను బండి. ఆ వెనక ఆసుపత్రి నుంచి ఇద్దరు ఉత్తర్వు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు. ఎవరి కాగితం పెద్దదో తేల్చడానికి రూళ్ళకర్ర కొలిచినంత పని చేశాడు. చివరికి ఆసుపత్రి వాళ్ళే గెలిచి, ముందొకరు వెనకొకరు పట్టుకుని పంపుని పెళ్ళికూతుర్ని పల్లకీలో తీసుకెళ్ళినట్టు మోసుకుపోయారు.

కర్నల్ మేడమ్ సరిగ్గా తొమ్మిదికి వచ్చారు. పొట్టిగా, నిటారుగా, కనురెప్ప వేసేటప్పుడు కూడా ఆలోచించి వేసేలా ఉన్నారు. బల్ల మీద పంపు లేదు. అది ఉన్న చోట గుండ్రటి తడి మరక ఉంది. ఇరవై నలుగురూ ఆ మరకకేసి చూస్తూ నిలబడ్డారు.

"పంపు ఏది మాస్టారు గారూ?"

మాస్టారు మనసులో గబగబా బేరీజు వేశాడు. సార్జెంటు మీదికి తొయ్యవచ్చు. కానీ అతను తాను చెప్పిందే అక్షరం పొల్లుపోకుండా చేశాడు. కంప్యూటరు మీదికి తొయ్యవచ్చు. దాని కూడికలో, గుణకారంలో తప్పు లేదు. స్టోర్ కీపరు వచ్చిన కాగితం ఎక్కించాడు. ఎటు తిప్పినా మిగిలేది తనే. స్టూలు, కుర్చీలో బావమరిది, వాడి సలహాలు, అన్నీ కళ్ళ ముందు ఆడాయి. సార్జెంటు పేరు ఎత్తకుండా, నిన్న మధ్యాహ్నం నుంచి ఆసుపత్రి వాళ్ళ దాకా మొత్తం చెప్పేశాడు. ఎనభై తొమ్మిది లక్షల దగ్గర గొంతు ఆరిపోయింది. తాగడానికి నీళ్ళు లేవు.

"తప్పు నాదే మేడమ్. ఒక్క పంపుకి ఒక్క కాగితమే రాయించాల్సింది," అన్నాడు చివరికి.

కర్నల్ బ్యాగు తెరిచి కాగితాల కట్ట తీశారు. అవే, ఇరవై నాలుగు రిపోర్టుల నకళ్ళు.

"వీటిలో పంపు నంబరు ఎక్కడ రాస్తారు?"

"పై వరసలో, కుడి వైపు మేడమ్. ప్రతి పంపు మీదా ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఏ రెండింటికీ ఒకటే ఉండదు."

ఆవిడ మొదటి కాగితం చూశారు. రెండోది చూశారు. ఆ తర్వాత కాగితాలు తిప్పే వేగం పెరిగింది, మళ్ళీ తగ్గింది. పన్నెండో దాని దగ్గర కుర్చీ కోసం చేత్తో వెతుక్కుంటే సార్జెంటు ముందుకి జరిపాడు. ఇరవై నాలుగింటి మీదా కుడి వైపున అదే నంబరు, చక్కటి దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది.

"తెల్లవారుజామున నాలుగింటికి నేను దీని మీద సంతకం పెట్టాను," అన్నారావిడ. "నా కింద ముగ్గురు పెట్టారు. నా పైన ముగ్గురు పెట్టారు."

ఆ పైన ముగ్గురూ ఎవరో మాస్టారు వేళ్ళ మీద ఎంచుకుంటూ, మూడో వేలు దగ్గర ఆగిపోయాడు. అంత పైదాకా ఆయన తల ఎప్పుడూ ఎత్తి చూడలేదు.

"మీకొకటి చెప్పనా?" అన్నారు కర్నల్. "నేను ఇవాళ వచ్చింది ఈ కోర్సు మూసెయ్యడానికి. కాగితం టైపు చేయించి తెచ్చాను. పంపు చెడితే నంబరు చూసి ఒక రిపోర్టు రాయడానికి మూడు నెలల చదువెందుకు, అది ఎవరికి తెలీదు అని అందులో రాశాను."

మాస్టారు బల్ల మీది తడి మరకని జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఆ కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున వేశారు. ఫోను తీసి రెండు చోట్లకి మాట్లాడారు. మొదటి ఫోనుకి పంపులన్నీ నడపమన్నారు, రెండో ఫోనుకి సీళ్ళ ఆర్డరు ఆపించారు. రెండు చోట్లా అవతలివాళ్ళు కారణం అడిగినట్టున్నారు. కారణం రేపు రాతపూర్వకంగా వస్తుందని చెప్పి, నిజంగానే ఏం రాయాలా అన్నట్టు కాసేపు కిటికీలోంచి చూశారు.

"కోర్సు ఉంటుంది," అన్నారు ఇటు తిరిగి. "మీరూ ఉంటారు. కాకపోతే ఈ తరగతికి ఇంకో ఏడుగురు ఎక్కువ వస్తారు. పైన ముగ్గురు వస్తారో రారో నేను చెప్పలేను. నాతో కలిపి మిగతా నలుగురి పూచీ నాది."

"ఎప్పటి నుంచి మేడమ్?"

"నా కింది ముగ్గురూ సోమవారం వస్తారు. నేను ఇప్పుడే మొదలుపెడతాను."

అని లేచి, వెళ్ళి మొదటి బెంచీ చివర కూర్చున్నారు. పక్కనున్న సైనికుడు ఊపిరి బిగబట్టి మూడంగుళాలు జరిగాడు. మాస్టారు మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎంతటి పెద్ద ఖాతాదారునీ ఇలా బెంచీ మీద కూర్చోబెట్టి ఎరగడు. అయినా తరగతి తరగతే కదా అని, అలవాటు ప్రకారం హాజరు పట్టీ చివర కొత్త గీత గీసి, కలంతో సహా ఆవిడ ముందు పెట్టాడు.

సంతకం చేసే ముందు కర్నల్ మేడమ్ ఆ హాజరు పట్టీని మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా చదివారు.