వాడనివి వాడిపోవు!

కంప్యూటరు నెమ్మదిగా నడవడం జబ్బు కాదు మహాశయులారా, సంస్కారం! నమ్మకం లేకపోతే మీరే గట్టిగా చదవండి: స్లో కంప్యూటర్. వినపడిందా? మొదట్లోనే శ్లోకం ఉంది!

మా ఇంటి కంప్యూటరు స్విచ్ నొక్కి, నేను స్నానం చేసి, టీ తాగి, పేపరు చదివి, పేపరుని తిట్టి వచ్చేసరికి అది ఒక కన్ను తెరుస్తుంది. ఇంత తీరిక ఏ ఆదివారం ఇస్తుంది చెప్పండి?

"వాడనివన్నీ అందులో కుక్కారు. అందుకే అలా నీలుగుతోంది. తీసిపారెయ్యండి!" అంటుంది మా ఆవిడ. ఆవిడ సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కుట్టుపని నేర్పుతుంది. ఈ మహాయంత్రం లేచేలోగా, టీచరు రాలేదనుకుని శిష్యురాళ్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. ఇలాగే సాగితే క్లాసు మూతపడుతుందని ఆవిడ బెంగ.

నేను తెలుగు విడమరిచాను. వాడితేనే కదా ఏదైనా వాడిపోయేది? వాడనివి ఎప్పటికీ వాడనివే. నిత్యం తాజా!

నా దగ్గర ఇంటి ప్లాను గీసే ప్రోగ్రాముంది. ఉండేది అద్దెకొంప. అయితేనేం, గీతకి అద్దె లేదుగా! ఫొటోలో బట్టతలకి జుట్టు మొలిపించే ప్రోగ్రాముంది. ఫొటో తీయించుకోలేదు, ఆశ తీసెయ్యనూ లేదు! మా ప్రింటరు పోయి ఏళ్లయింది. దాని ప్రోగ్రాము మాత్రం రోజూ అందరికంటే ముందు లేచి "కాగితం పెట్టండి" అంటుంది. ఇంత విశ్వాసం బంధువుల్లో చూశారా? ఇక టైపింగ్ నేర్పే ప్రోగ్రాము. నేను రెండు వేళ్లతోనే కొడతాను. మిగతా ఎనిమిదీ వాడనివే. కోసేద్దామా?

"వేళ్లెందుకండీ, పాపం! మీరు అతిగా వాడేది నాలుకేగా," అంది మా ఆవిడ కత్తెర ఆడిస్తూ.

కత్తెర వాడి. మాట మరీ వాడి. నేనే వాడిపోయాను.

"జరగండి. మా తమ్ముణ్ణి ఫోన్లో అడిగాను. పడుకున్నవాటితో పేచీ లేదట. చోటు తింటాయి, అంతే. పిలవకుండా లేచొచ్చి కూర్చునేవాటితోనే తంటా అట."

పిలవకుండా వచ్చేవాటి సంగతి బావమరిదికి కాక ఎవరికి తెలుస్తుంది!

ఆవిడ ఏ ప్రోగ్రామునీ తీయలేదు. కంప్యూటరుతోపాటే తమంతట తాము లేచేవాటిని మాత్రం పట్టుకుని, పిలిచేదాకా లేవొద్దని కట్టడి చేసింది. మళ్లీ స్విచ్ నొక్కింది. రెప్ప వేసి తీసేలోగా తెరుచుకుంది! నా టీ సగం కప్పులోనే ఉండిపోయింది. ఇది దౌర్జన్యం కాదూ?

ఆ సాయంత్రం క్లాసు నుంచి ఒక్కరూ జారుకోలేదు. పాఠం చొక్కాకి బటన్ కుట్టడం. మా ఆవిడ మొహం వెలిగిపోతోంది. సూదిలో దారం ఎక్కించిందో లేదో, తెర నడిమధ్య ఓ డబ్బా ఊడిపడి శిష్యురాళ్లందరినీ కప్పేసింది.

"మీ కోసం కొత్త ప్రోగ్రాము తెచ్చాం. ఇప్పుడే పెట్టమంటారా? కాసేపాగి పెట్టమంటారా?"

"ఏవండీ, ఇలా రండి!" కేకేసింది మా ఆవిడ. "ఇందులో వద్దు అనే బటనేదీ?"

వెతికాను. కింద చూశాను, మూలల్లో చూశాను, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను.

లేదు. అది ఊడిపోలేదు మహాశయులారా, అసలు కుట్టనేలేదు!