చిలకపచ్చ బోనెట్

తెల్లవారుతూనే బయలుదేరి, లక్ష్మీపూర్ సంతలో దుప్పట్లు అమ్ముకుని, పొద్దుగూకేలోపు రాయగడ తిరిగి వచ్చేయాలి. ఆ రోజుకి సన్యాసిరావు వేసుకున్న పథకం అంతే. తొంభై ఆరో సంవత్సరం. కొండల మీద చలి మొదలై, దుప్పట్ల బేరం జోరందుకునే రోజులు.

ఆయన జీపుకు ఒకటే జబ్బు. ఘాటీ, అంటే కొండమలుపుల దారి, ఎక్కడం మొదలుపెట్టగానే ఇంజను మరిగిపోయేది. ఆ జీపును అమ్మింది భార్య పద్మకుమారి అన్నగారు సూర్యారావు. అమ్మేటప్పుడు "ఎంత ఎత్తెక్కినా సల్లగా ఉంటాది బావా" అన్నాడు. అది మొదటి వారమే పొగలు కక్కితే సన్యాసిరావు వెళ్ళి అడిగాడు. "బండి బాగానే ఉన్నాది, నీకే తోలడం రాదు" అన్నాడు సూర్యారావు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సన్యాసిరావు పంతం కొద్దీ జీపుకు చిలకపచ్చ రంగు వేయించాడు. ఊరంతా నవ్వింది గానీ వేడి తగ్గలేదు.

రేడియేటరు కడిగించాడు. ఫ్యాను బెల్టు మార్పించాడు. తడి గోనెసంచి కప్పి చూశాడు. చివరికి మెకానిక్ రాకేష్ బోనెట్ మీద చెయ్యి వేసి, చురుక్కుమంటే వెనక్కి లాక్కుంటూ, "ఏడి బయటికి పోడానికి దారి నేదు సావుకారూ. ఈ మూత తీసేసి తోలితే సల్లగా ఎల్తాది" అన్నాడు. వేళాకోళానికి అన్నాడో నిజంగానే అన్నాడో సన్యాసిరావుకు తెలియలేదు.

ఆ రోజు ఘాటీ సగం ఎక్కేసరికి జీపు యథాప్రకారం బుస్సుమంది. సన్యాసిరావుకు రాకేష్ మాట గుర్తొచ్చింది. స్పానరు తీసి, బోల్టులు విప్పి, బోనెట్‌ను ఊడదీశాడు. దాన్ని దుప్పట్ల మీద పెడితే దుప్పట్లు చిరుగుతాయి. తిరిగొచ్చేటప్పుడు తీసుకుందామని మలుపులో రోడ్డు పక్క పిట్టగోడకు ఆనించాడు. ఎప్పుడో ఏదో లారీ గుద్ది ఆ గోడ అక్కడ విరిగి ఉంది. బోనెట్ ఆ సందులోంచి జారి, గణగణమంటూ లోయలోకి దొర్లి, తుప్పల్లో వెల్లకిలా పడింది. పట్టుకోబోయిన కంగారులో ఆయన కుడికాలి చెప్పు కూడా జారి సగం దూరంలో ఆగింది.

కిందికి చూశాడు. సంతకు ఆలస్యమవుతోంది. వచ్చేటప్పుడు ఎవరిచేతనైనా తీయించవచ్చనుకుని జీపెక్కాడు. బోనెట్ లేని జీపు ఒక్కసారి కూడా మరగకుండా లక్ష్మీపూర్ చేరింది. ఆయన ఆనందంలో కుడికాలికి చెప్పు లేదన్న సంగతి మరిచిపోయాడు.

ఆ వెనకే రెండు బస్సులు ఆ మలుపులో ఎదురుపడి ఆగాయి. విరిగిన గోడ, తుప్పల్లో పచ్చ బోనెట్, మధ్యలో ఒంటి చెప్పు. జనానికి ఇంకేం కావాలి? ఒక బస్సు రాయగడ వైపు వెళ్ళింది. దాని కండక్టరు ఆ చెప్పు తెచ్చి పద్మకుమారి చేతిలో పెట్టి, "జీపు లోయలోకి ఎల్లిపోనాదమ్మా" అన్నాడు. ఆవిడ ఏడుస్తూ అన్నగారింటికి పరుగెత్తింది. సూర్యారావు తిరగేసి తొడుక్కున్న చొక్కాతోనే వ్యాను మాట్లాడుకొచ్చాడు.

"కంగారు పడకమ్మీ, బావకేటీ అవదు" అంటూ తనే వెక్కివెక్కి ఏడ్చాడు.

రెండో బస్సు లక్ష్మీపూర్ చేరింది. సూర్యారావు ఆ జీపులో ఏళ్ళ తరబడి సంతకు తిరిగినవాడు. రంగు మారినా, యజమాని మారినా అక్కడివాళ్ళకు అది సూర్యారావు జీపే. సన్యాసిరావు మొదటి దుప్పటి విప్పుతుండగా పక్కన మిరపకాయలమ్మే గున్నమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఇన్నావా సావుకారూ? సూర్యారావుగారి జీపు ఘాటీలో పడిపోనాదట!"

"ఆడికి జీపెక్కడిదే? కొత్తది కొన్నాడేటి?"

"నానేటి ఎరుగుదును బాబూ. ఒక సెప్పు మాత్రం దొరికిందట."

"ఒక్క సెప్పేనా!" అని సన్యాసిరావు తల పట్టుకున్నాడు. తన మీద పంతంతో సూర్యారావు కొత్త జీపు కొని, తన వెనకే సంతకు బయలుదేరి ఉంటాడని తేల్చుకున్నాడు. దుప్పట్లు గున్నమ్మకు అప్పజెప్పి, సంత బయట ఆపిన జీపును వెనక్కి తిప్పాడు.

మలుపు దగ్గర లారీలు అడ్డంగా ఆగి ఉంటే, జీపును దూరంలో వదిలి నడిచి వెళ్ళాడు. కింద తన బోనెట్ తప్ప ఏమీ కనపడలేదు. తను దాన్ని జారవిడిచిన సందులోంచే సూర్యారావు కూడా పడ్డాడా? మరి జీపేది? ఇంకా లోపలికి దొర్లిందా? ఆయన బుర్ర తిరిగిపోయింది. గట్టు మీదున్న లారీ డ్రైవరును అడిగాడు.

"రాయగడ సావుకారు కిందే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఏడుస్తన్నాడు."

"బతికే ఉన్నాడా!"

"ఏడుస్తన్నాడంటే బతికున్నట్టే కదేటండీ?" అన్నాడు డ్రైవరు, ఈ మనిషికేమైనా మతి పోయిందా అన్నట్టు చూస్తూ.

ఏడుస్తున్నది సూర్యారావే, బావ పోయాడని. వాళ్ళ వ్యాను కూడా ఘాటీలో మరిగి ఆగిపోతే, చెల్లెల్ని అందులోనే ఉంచి, తను లారీ పట్టుకుని ముందుగా వచ్చి లోయలోకి దిగాడు. సన్యాసిరావు ఇటు నుంచి, కూర్చుని జారుతూ దిగాడు. మధ్యలో మనిషెత్తు తుప్పలు.

"బావా!" అని కేకేశాడు సన్యాసిరావు.

"బావా!" అని అటు నుంచి వినపడింది. "బతికున్నావా బావా! కదలకు, నానొస్తన్నాను!"

"నువ్వెలగొస్తావు? నువ్వే కదలకు! కాళ్ళు ఇరిగేయా?"

"ఎవరివి?"

"నీవి!"

సూర్యారావు వంగి తన కాళ్ళు తడుముకున్నాడు. బావ తలకు గట్టి దెబ్బే తగిలిందని, మాట తడబడుతోందని అతనికి అర్థమైంది. ఇక ఆగలేకపోయాడు.

"నన్ను సమించు బావా! ఆ జీపు ఏడెక్కుతాదని నాకు ముందే తెలుసు! తెలిసే నీకంటగట్టేను! నీకు తోలడం బాగానే వచ్చు బావా, బండే మంచిది కాదు!"

సన్యాసిరావు ఠక్కున ఆగిపోయాడు. తుప్పలు రెండు చేతులతో విడదీశాడు. ఎదురుగా తిరగేసిన చొక్కాతో, కన్నీళ్ళతో, రెండు కాళ్ళ మీదా నిలబడి సూర్యారావు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు నెత్తి నుంచి పాదాల దాకా చూసుకున్నారు. గబుక్కున కౌగలించుకున్నారు. కాసేపు ఏడ్చారు. ఆ ఏడుపులోనే బోనెట్ సంగతంతా బయటపడింది.

తర్వాత సన్యాసిరావు మెల్లగా కౌగిలి విడిపించుకున్నాడు.

"ఇందాకల ఏటన్నావు బావా?"

"ఎప్పుడు?"

"ముందే తెలుసన్నావు."

"అది సచ్చిపోతన్నోడితో అన్న మాట. బతికున్నోడికి సెల్లదు" అన్నాడు సూర్యారావు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ లోయంతా ఇన్నాది!"

"అయితే లోయనే అడుక్కో! మూత ఊడదీసి తోలినోడికి తోలడం వచ్చని నానెలగంటాను?"

అప్పటికి వ్యాను చల్లబడి పద్మకుమారి మలుపు దగ్గర దిగింది. కింద నుంచి రెండు గొంతులు పోటీ పడి లోయ మారుమోగిపోతోంది. ఒకటి అన్నగారిది, ఒకటి భర్తది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, చేతిలోని ఒంటి చెప్పుతో సహా పిట్టగోడ మీద కూలబడింది.

లారీ డ్రైవరు ఆత్రంగా దగ్గరికొచ్చాడు. "ఎంతమంది బతికేరమ్మా?"

"ఇప్పటికి ఇద్దరూ బతికే ఉన్నారు బాబూ" అంది పద్మకుమారి. "పైకొచ్చేక సెప్పలేను."