మేజిస్ట్రేటు గారి కుడికాలు

1784 మార్చి తొమ్మిది, మంగళవారం ఉదయం పదిన్నరకు లండన్ ఫ్లీట్ వీధిలో వ్యంగ్యచిత్రాలు చెక్కే జోనస్ వికెట్‌ను అరెస్టు చేశారు. పట్టించింది అతని భార్య టబిత.

ఆ ఉదయం ఆమె అనుకున్నది ఒక్కటే: కొత్త బొమ్మను దుకాణం కిటికీలో వేలాడదీసి, మధ్యాహ్నంలోగా ప్రతులన్నీ అమ్మేయాలి. మంత్రి లార్డ్ స్టాన్‌మియర్ సైన్యానికి కుళ్లిన మాంసం పంపాడని ఊరంతా అంటోంది. బొమ్మలో ఆయన సైనికుల శవపెట్టెల మీద చెక్కకాలితో గంతులేస్తున్నాడు. కింద పేరు లేదు. పేరు లేని బొమ్మ మీద కోర్టుకెక్కాలంటే "అది నేనే" అని ఒప్పుకోవాలి. ఏ పెద్దమనిషీ ఒప్పుకోడు. జోనస్ ధీమా అదే. కిందటిసారి న్యూగేట్ జైలు నుంచి అతను దగ్గుతో వచ్చాడు. మళ్లీ వెళితే తిరిగి రాడని వైద్యుడు చెప్పాడు.

తొమ్మిదింటికి కిటికీ ముందు జనం మూగారు.

"ఒరేయ్, మన సర్ గాడ్‌ఫ్రీ కదరా!" అన్నాడు ఒక బండివాడు.

టబిత బయటికొచ్చి చూసింది. మంత్రిది ఎడమ చెక్కకాలు. బొమ్మలో కుడిది. కుడి చెక్కకాలు ఆ పేట మేజిస్ట్రేటు సర్ గాడ్‌ఫ్రీ పిమ్‌ది.

"ఏమయ్యా, రాగిరేకు మీద తిప్పి చెక్కలేదా?" అని లోపలున్న జోనస్‌ను అడిగింది.

"జ్వరంగా ఉండిందే. ఉన్నదున్నట్టు గీసేశాను."

రేకు మీద ఎడమగా చెక్కింది అచ్చులో కుడి అవుతుంది. ముప్పై ఏళ్లుగా చెక్కుతున్నవాడు అది మరిచాడు.

ఆమె బొమ్మ దించేలోపే సర్ గాడ్‌ఫ్రీ లోపలికొచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు.

"ఇది ఎవరి బొమ్మమ్మా?"

"మీది కాదు బాబూ! ఒట్టు!"

"నాది కాదా?"

"మీరెక్కడ, ఆ దొంగెక్కడ! అది మంత్రి స్టాన్‌మియర్ గారు. మా ఆయన కాలు తారుమారు చేశాడంతే."

మేజిస్ట్రేటు కుర్చీలో కూలబడ్డాడు. "ఆరు ప్రతులు కొందామని వచ్చాను. ఇరవై ఏళ్లుగా ఈ పేటలో ఉన్నా, ఒక్కడూ నా బొమ్మ వేయలేదు."

"అయితే మీదే బాబూ! మీ ముక్కే కదా అది!"

"ఇప్పుడా? వీళ్లిద్దరూ విన్నారమ్మా. మంత్రి పేరు నీ నోటితోనే చెప్పావు."

జోనస్‌కు ఆరు నెలల శిక్ష పడింది. జూన్ రెండున న్యూగేట్‌లో చనిపోయాడు.

దుకాణంలో జప్తు చేసిన ప్రతులు ఇరవై ఏడు. కోర్టుకు చేరినవి ఇరవై ఆరు. మిగిలినది సర్ గాడ్‌ఫ్రీ ఇంట్లో, భోజనాల గది గోడకు, చట్రంలో ఉంది.