చదవకముందు చేయవలసిన పనులు

ఈ ఏడాది మూడో తరగతి పిల్లలు ఒక్క మాట కూడా తప్పు చదవలేదని పాఠశాల యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. అందులో అబద్ధమేమీ లేదు. పుస్తకం తెరిస్తే కదా, తప్పు చదవడానికి!

తెరవకూడదని కాదు. ఆధునిక పఠన పద్ధతిలో దానికో వరస ఉంది, అంతే. ముందు అట్ట చూడాలి. అట్ట మీది బొమ్మను బట్టి లోపల ఏముందో ఊహించాలి. ఊహించినదాన్ని సొంత జీవితంతో ముడిపెట్టాలి. కళ్ళు మూసుకుని మనసులో బొమ్మ గీసుకోవాలి. పక్కవాడి బొమ్మను గౌరవించాలి. ఈలోగా గంట కొడతారు. పుస్తకాలు నలక్కుండా బీరువాలోకి వెళ్ళిపోతాయి. తాళంచెవి హెడ్మాస్టరు జేబులో ఉంటుంది.

పదసంపదకు లోటు లేదు, అదంతా గోడ మీద ఉంది. 'జిజ్ఞాస', 'అన్వేషణ' అంటూ రంగురంగుల అట్టముక్కలు, పిల్లలకు అందనంత ఎత్తులో. అర్థం అడిగితే వేలెత్తి గోడ చూపిస్తారు. రాత నియమాలను మాత్రం ఒంటికి పట్టించారు. దీర్ఘం వస్తే చేతులు చాచాలి, ఒత్తు వస్తే గుంజీ తీయాలి. 'విద్యార్థి' అని రాయడం ఎవరికీ రాలేదు గానీ, తొడలు మాత్రం ఉక్కుముక్కల్లా తయారయ్యాయి.

ఇవన్నీ నేర్పిన పంతులమ్మది తాత్కాలిక ఉద్యోగం. ఏటా వేసవి వస్తోందంటే ఆవిడ గుండెల్లో రాయి పడేది. మళ్ళీ పిలుస్తారో, ఇంట్లోనే ఉండమంటారో! ఈసారి హెడ్మాస్టరు మాటిచ్చాడు. ప్రదర్శన పాఠం సజావుగా జరిగితే వేదిక మీదే పర్మనెంటు ఆర్డరు.

అడ్డు వచ్చేదల్లా మేనకోడలు. అన్నయ్య కూతురు, అదే తరగతి. వానలకు బడి మూసిన రోజుల్లో ఆ పిల్ల అల్లరి పడలేక, పంతులమ్మ తలుపు గడియ పెట్టి, పాత పద్ధతిలో అక్షరాల కింద వేలు పెట్టి కూడబలికించింది. అనుకున్నంతా అయింది. పిల్లకి చదవడం వచ్చేసింది.

"ఇదిగో, రేపు అందరూ ఊహిస్తుంటే నువ్వూ ఊహించు. తెలివి చూపించావో, వీపు చిట్లుతుంది," జడ వేస్తూ హెచ్చరించింది.

"ఎదురుగా కనిపిస్తుంటే ఎలా ఊహించేది అత్తా?"

"కళ్ళు మూసుకుని ఏడువు!"

ముఖ్య అతిథి పేరుమోసిన పఠన నిపుణుడు. జనం వెనకాల 'ముందుమాట' అంటారు. ఏ పుస్తకమైనా సరే, చదివే శ్రమ లేకుండా ముందుమాట రాసివ్వగల సమర్థుడాయన.

పొద్దున్నే వడ్రంగి వేదిక బిగించి, ముందు చెక్క మీద ఎర్రరంగుతో ఏదో రాసిపోయాడు. హెడ్మాస్టరుకి ఆ రంగు నచ్చింది. చుట్టూ కాగితం పూలు అతికించాడు. ముందుమాట కన్ను తిన్నగా దాని మీదే పడింది.

"బాలలారా! సామాన్యులు అక్షరాలకు బానిసలు. మీరు కారు! ఇక్కడేముందో చదవకుండా చెప్పండి!"

"పూలున్నాయి కాబట్టి 'స్వాగతం' సార్!"

"మా నాన్న కొట్లో కూడా ఇట్లాగే ఉంటుంది సార్. 'అరువు రేపు' అని!"

"జీవితానుసంధానం! అద్భుతం!" ముందుమాట కళ్ళు చెమర్చాయి. "నువ్వు చెప్పమ్మా, కళ్ళు మూసుకున్న పాపా!"

పాప కళ్ళు తెరిచింది. తెరిచాక ఇంకేముంది, కొంప మునిగింది.

"'చెక్కలు పల్చన. ఇద్దరికి మించి ఎక్కితే విరుగుతాయి. ఇట్లు, వడ్రంగి.'"

ముందుమాట కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరమ్మా ఈ పసిదానికి చదవడం అలవాటు చేసింది?" చుట్ట కాలుస్తూ పట్టుబడిన పిల్లను చూసినట్టు చూశాడాయన.

"నేను కాదండీ!" ఎవరూ అడక్కముందే పంతులమ్మ లేచింది. "ఇంట్లో వాతావరణం మంచిది కాదండీ."

ముందుమాట పెద్దమనసుతో క్షమించాడు. పిల్ల చదవలేదనీ, అది కేవలం నిరాశతో కూడిన ఊహేననీ తేల్చాడు. సరైన జవాబు 'స్వాగతం' అని మెజారిటీ నిర్ణయించింది. స్వాగతం పలికాక ఎక్కకపోతే మర్యాదేం ఉంటుంది? ముందుమాట ఎక్కాడు. హెడ్మాస్టరు ఎక్కాడు. బడి యజమాని, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు ఎక్కారు. కింద ఏదో కిర్రుమంది. చప్పట్లనుకున్నారు.

పంతులమ్మను పిలిచారు. మెట్టు దగ్గర ఎర్ర అక్షరాలు సరిగ్గా ఆవిడ కంటికెదురుగా ఉన్నాయి. పాత అలవాటు కొద్దీ వేలు దానంతటదే వాటి కింద కదిలింది. మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"అత్తా, ఎక్కొద్దే! నువ్వే కదా నేర్పావు!"

పైన హెడ్మాస్టరు చేతిలో ఆర్డరు రెపరెపలాడుతోంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు నిలబడ్డ చోటు తప్పెలా అవుతుంది? పంతులమ్మ ఎక్కింది.

ఆ తర్వాత జరిగినదాన్ని వడ్రంగి ముందే రాసిపెట్టాడు కాబట్టి మళ్ళీ రాయడం వృథా. విరిగిన చెక్కల అడుగు నుంచి ముందుమాట గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. "ఈ ముగింపును ఎవరూ ఊహించలేదే!"

విచారణ సంఘం తప్పంతా వడ్రంగిదేనని తేల్చింది. అశుభం రాయకుండా ఉంటే చెక్క విరిగేది కాదట. పంతులమ్మకు కాలికి కట్టు, చేతికి పర్మనెంటు ఆర్డరు ఒకేసారి దక్కాయి. ఉద్యోగ ధర్మంగా ఆవిడకు అప్పగించిన మొదటి పని మేనకోడలికి చదివే జబ్బు నయం చేయడం. వేసవంతా శ్రమించింది. పిల్ల మొదట్లో మొండికేసింది. దారిలో బోర్డులు కనిపిస్తే పెదవులు కదిపేది. మెల్లగా అదీ మానేసింది.

వార్షికోత్సవానికి కొత్త వేదిక వేశారు. వడ్రంగి అతనే. అక్షరాలు మాత్రం ఈసారి ఇంకా పెద్దవి.

"ఏముంది పాపా?" అన్నాడు ముందుమాట.

పాప కళ్ళు మూసుకుంది. "స్వాగతం."

హాలు దద్దరిల్లింది. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. తల్లిదండ్రులందరినీ గ్రూపు ఫోటోకి పైకి రమ్మన్నారు. ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ముందు వరసలో మీ నవ్వు చక్కగా పడింది. మీ కాలి కింద ఎర్ర అక్షరాలు కూడా.