తలకిందుల గుడ్లగూబ

తీసిన సినిమా మీద తమ పేరు లేకపోవడాన్ని మించిన అదృష్టం దర్శకులకు ఇంకొకటి ఉందా? లేదని నా వాదన.

పేరున్న దర్శకుడి బతుకు చూడండి. సినిమా పోతే ఇంటి ముందుకొచ్చి తిడతారు. ఆడితే మేనల్లుడికి వేషం అడుగుతారు. చనిపోయాక విగ్రహం పెడతారు. పారిస్‌లో పావురాలకు కొదవ లేదు.

మా బెల్‌విల్ వీధిలో ఉండే ఓర్తాన్స్ వాలికూర్‌కు ఈ బాధలేవీ లేవు. ఆడవాళ్లు స్టూడియోలో టైపు కొట్టడానికే అనుకునే మూకీల రోజుల్లో ఆమె సినిమాలు తీసింది. అప్పుడు తెర మీద దర్శకుల పేర్లు వేసేవారు కాదు. దొంగ కాపీలకు భయపడి, ప్రతి సెట్టులోనూ గోడకు కంపెనీ గుర్తు మాత్రం తగిలించేవారు. ఓర్తాన్స్ పనిచేసిన కంపెనీది గుడ్లగూబ. పెళ్లి విందులోనూ అదే, చావు ఇంట్లోనూ అదే. గుడ్లగూబను ఊరంతా గుర్తుపట్టేది. ఓర్తాన్స్‌ను ఎవరూ గుర్తుపట్టలేదు. ఎంత సుఖం!

మొన్న మా పేట ఫిల్మ్ క్లబ్బులో ఆమె తీసిన పెళ్లి సినిమా ఒకటి వేశారు. పంచిన కాగితంలో దర్శకుడు గాస్పార్ పెర్రెల్ అని ఉంది. ఆ కాగితంలో తన పేరు ఒక్కసారైనా చూసుకోవాలని ఆశపడిన ఓర్తాన్స్, మంచి టోపీ పెట్టుకుని వెళ్లింది.

ఉపన్యాసకుడు బెర్తొలాన్ గారు గోడ మీద తలకిందులుగా ఉన్న గుడ్లగూబను చూపించారు. "సమాజమే తలకిందులైందని పెర్రెల్ చెబుతున్నాడు."

"సమాజం కాదు నాయనా," అంది ఓర్తాన్స్ లేచి. "ఎండ పోతే షూటింగు సాగదని తొందరపడి నేనే అలా తగిలించాను. సినిమా తీసింది నేను."

"మరి పెర్రెల్ ఏం చేశాడమ్మా?"

"కెమెరా హ్యాండిల్ తిప్పేవాడు. బాగానే తిప్పేవాడు పాపం. ఆకలేస్తే చెయ్యి నెమ్మదించేది. చెయ్యి నెమ్మదిస్తే బొమ్మలు తక్కువ పడి, తెర మీద మనుషులు పరిగెడతారు. చూడు, పెళ్లికూతురు ఎలా పోతోందో."

సభ నవ్వింది. బెర్తొలాన్ గారు న్యాయం తెలిసిన మనిషి. కాగితం దిద్దించి ఆమె ఇంటికి పంపారు. దర్శకత్వం: గాస్పార్ పెర్రెల్. గుడ్లగూబ పొరపాటు: శ్రీమతి వాలికూర్.

పేరు లేకపోవడమే అదృష్టమని ఆమెను ఓదార్చడానికి వెళ్లాను. ఆమె టోపీ సర్దుకుంటోంది.

"ఎక్కడికి, ఓర్తాన్స్ గారూ?"

"క్లబ్బుకే. ఇవాళ నాది ఇంకోటి వేస్తున్నారు. అందులో మామగారికి ఒక సీనులో మీసం ఉంటుంది, తర్వాతి సీనులో ఉండదు. అది కూడా నా పేరున రాయించుకోవాలి."

"అన్నిట్లోనూ తప్పులున్నాయా?"

"తప్పు లేకుండా ఒక్కటీ తీయలేదు బాబూ," అంది ఆమె తలుపు తాళం వేస్తూ. "అదృష్టమంటే అదీ."